గుట్టు అడగొద్దు, చేతిని చూడండి

రాత్రి పది దాటితే మా గదిలో లైటు తీసేస్తారు. కాసేపటికి టప్‌మని చిన్న చప్పుడు వస్తుంది. వెంటనే మంచం కింద ఏదో దొర్లుకుంటూ పోతుంది. ఆ తర్వాత ఎవరో ఒకరి తిట్టు. గాలా ఏరియాలో ఉన్న మా క్యాంపులో రెండేళ్ళుగా ఇదే తంతు. దొర్లేది ఎండు నిమ్మకాయ. ఒమన్‌లో ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు, కూరల్లో పులుపు కోసం వేస్తారే, లూమీ అంటారు, నల్లగా, గట్టిగా, బెండులా తేలిగ్గా ఉంటుంది. మత్రా సూక్‌లో బస్తాల కొద్దీ కనిపిస్తుంది. మా గదిలో అది కూరలోకి రాలేదు. మేజిక్ నేర్చుకోవడానికి వచ్చింది.

నేర్చుకునేవాడు రాయచోటి వైపు తమ్ముడు. స్టీల్ ఫిక్సర్ల దగ్గర హెల్పర్. నాది నిజామాబాద్ జిల్లా, షట్టరింగ్ పని, ఈ దేశం వచ్చి పదహారేళ్ళు. గదికి ఎనిమిది మందిమి. మొదట్లో నేనే అందరికంటే ఎక్కువ కసిరాను. "ఏందిరా ఈ పిచ్చి, పొద్దున నాలుగింటికి లేవాలె" అంటే, "అన్నా, వెలుతురుంటే కండ్లు చేతిని కాపాడతాయి. చీకట్లో అయితే వేళ్ళే నేర్చుకోవాల" అన్నాడు. అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమైంది కాబట్టే ఇది రాస్తున్నాను.

స్టేజీ మీద మెజీషియన్ ఖాళీ చెయ్యి చూపిస్తాడు. గాల్లోంచి ఒక బంతి తీస్తాడు. వేళ్ళ మధ్య ఆ ఒకటి రెండవుతుంది, మూడవుతుంది, నాలుగవుతుంది. మళ్ళీ ఒక్కొక్కటే మాయమైపోతుంది. పెట్టెలు ఉండవు, తెరలు ఉండవు, సగానికి కోసే అమ్మాయి ఉండదు. రెండు చేతులు, పది వేళ్ళు, అంతే. ఈ నాలుగు బంతుల ఆటను పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్స్ దేశపు మెజీషియన్ బుయాటియే ద కోల్టా తయారుచేశాడని చెబుతారు. అంటే వందేళ్ళకు పైబడ్డ పాత ఆటే. అయినా ఇప్పటికీ కొత్తగానే ఉంటుంది. ఎందుకంటే ఆట పాతదైనా ప్రతి ఒక్కరూ తన చేతికి దాన్ని మళ్ళీ మొదటి నుంచి నేర్పుకోవలసిందే.

ముందు ఒక మాట చెప్పాలి. ఇక్కడ 'సిహర్' అనే మాట మంచిది కాదు. చేతబడి, క్షుద్రం అనే అర్థం వస్తుంది. మనవాళ్ళు కొందరు తెలియక 'మేజిక్ చేస్తాడు' అని చెప్పబోయి అరబ్బుల దగ్గర ఆ మాట వాడేస్తారు. వాడకండి. దీనికి వాళ్ళ భాషలో వేరే మాట ఉంది, 'ఖిఫ్ఫతుల్ యద్'. చేతి తేలికదనం అని అర్థం. మన అరవై నాలుగు కళల్లో 'హస్తలాఘవం' అని ఒకటుంది చూశారా, అర్థం అక్షరాలా అదే! ఎక్కడి సంస్కృతం, ఎక్కడి అరబ్బీ. మన వాడుకలో మాత్రం 'చేతివాటం' అంటే జేబు కొట్టేవాడి పని అయిపోయింది. అది మన దౌర్భాగ్యం.

మా తమ్ముడికి ఈ పిచ్చి పట్టింది ఒక పండుగ సీజన్‌లో. పార్కులో వేసిన స్టేజీ మీద ఒక విదేశీయుడు బంతులాట చేశాడు. పది నిమిషాలు కూడా లేదు. మేం తిని, తిరిగి, క్యాంపు బస్సు ఎక్కాం. వీడు ఎక్కలేదు. రెండో ఆటకు ఆగిపోయాడు. మర్నాడు సెలవు కాకపోయినా డ్యూటీ దిగి మళ్ళీ టాక్సీ పట్టుకుని వెళ్ళాడు. మొత్తం నాలుగు సార్లు చూశాడు. "ఒకే ఆటను నాలుగు సార్లు చూడ్డానికి ఏముందిరా?" అంటే, వాడు చెప్పిన జవాబు ఈ వ్యాసానికి అసలు ప్రాణం.

మొదటిసారి అందరిలాగే చూశాడట. నోరు తెరుచుకుని. రెండోసారి బంతి ఉన్న చేతిని వదిలేసి, రెండో చేతినే చూశాడట. ఆ చెయ్యి ఎప్పుడు కిందికి దిగుతోంది, ఎప్పుడు కోటు పక్కకు పోతోంది, ఎప్పుడు ఊరికే వేలాడుతోంది. మూడోసారి చేతులే చూడలేదు. కళ్ళు చూశాడు. ఆయన ఎటు చూస్తే జనం అటు చూస్తున్నారు. ఆయన బంతిని చూస్తే జనం బంతిని చూస్తారు, ఆయన జనాన్ని చూస్తే జనం ఆయన మొహాన్ని చూస్తారు. జరగాల్సిన పని ఆ మధ్యలో జరిగిపోతుంది. నాలుగోసారి భుజాలు, ఊపిరి. "దాచేటప్పుడు ఆయన భుజం కదల్లేదన్నా. నేను నిమ్మకాయ దాస్తే నా భుజం చెవి కాడికి వస్తాంది" అన్నాడు.

చూడటం అంటే ఇది. మనం వీడియో వేసుకుని, ఆపి, వెనక్కి తిప్పి, "ఆ దొరికింది, అక్కడ దాచాడు" అని సంబరపడతాం. దొరికింది ఏమిటి? బంతి ఎక్కడుందో దొరికింది. అది అక్కడికి ఎలా పోయిందో, పోయినా చెయ్యి ఖాళీగా ఎలా కనబడిందో దొరకలేదు. గుట్టు తెలుసుకోవడానికి ఒక నిమిషం చాలు. చెయ్యి ఖాళీగా కనబడేలా బంతి పట్టుకోవడానికి మా వాడికి ఏడాది పట్టింది. ఇంకా పూర్తి కాలేదు అంటాడు.

వీడియోతో ఇంకో చిక్కు ఉంది. ఆయన మనకు ఎదురుగా ఉంటాడు, ఆయన కుడి మనకు ఎడమ. చాలామంది అది చూసుకోకుండా తలకిందులుగా నేర్చుకుంటారు. అద్దం ముందు సాధన చేస్తే సరిపోతుందని అంటారు గానీ, అద్దం దగ్గర ఒక మోసం ఉంది. బంతి దాచే క్షణంలో మన కళ్ళు మనకు తెలియకుండానే రెప్ప వేస్తాయి. మన తప్పు మనకే కనబడకుండా పోతుంది! ఈ సంగతి మెజీషియన్లందరికీ తెలుసు. అందుకే మా వాడు నన్ను ఎదురుగా కూర్చోబెట్టి చేస్తాడు. నేను సిమెంటు బస్తాలా కూర్చుని చూడాలి. "ఎక్కడ అనుమానం వచ్చింది?" అని మాత్రం అడుగుతాడు. "ఎక్కడుంది?" అని అడగడు. తేడా గమనించండి.

నాలుగో ఆట అయ్యాక స్టేజీ వెనక గంటసేపు నిలబడ్డాడట. ఆ విదేశీయుడికి తెలుగు రాదు, వీడికి ఆయన భాష రాదు. వీడు జేబులోంచి ఎండు నిమ్మకాయ తీసి, వచ్చిందేదో చేసి చూపించాడు. అడ్డంగా జారి కింద పడింది. ఆయన నవ్వలేదట. వంగి తీసి ఇచ్చి, వీడి బొటనవేలు పట్టుకుని అర అంగుళం వెనక్కి జరిపాడు. తర్వాత భుజం మీద చెయ్యి వేసి కిందికి నొక్కాడు. అంతే క్లాసు. ఫీజు లేదు, సర్టిఫికెట్ లేదు. "నీ గుట్టు చెప్పు" అని అడిగి ఉంటే ఆయన చెయ్యి ఊపి వెళ్ళిపోయేవాడు. చేసి చూపించాడు కాబట్టి సరిదిద్దాడు.

ఇక చేతుల సంగతి. సిమెంటు, తుప్పు పట్టిన ఇనుము, ఈ ఎండ, మన అరచేతులు ఎలా ఉంటాయో మీకు తెలుసు. పగుళ్ళు. బంతి అరచేతిలో నిలవాలంటే చర్మంలో కాస్త చెమ్మ ఉండాలి. ఎండిపోయిన చేతిలో జారిపోతుంది. కొబ్బరి నూనె రాస్తే మరీ జారుతుంది. వాడు రాత్రి నూనె రాసుకుని పడుకుని, పొద్దున సబ్బుతో కడుక్కుంటాడు. ఎండు నిమ్మకాయ గరుకు కాబట్టి మొదట దానితో మొదలుపెట్టాడు. తర్వాత టేబుల్ టెన్నిస్ బంతి. అది తేలిక, నున్నన, చాలా కష్టం. ఆర్నెల్ల కిందట ఊరి నుంచి వచ్చిన వాళ్ళతో నాలుగు చెక్క బంతులు తెప్పించుకున్నాడు. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర వరకు ఎండలో పని ఆపాలి కదా, మేమంతా షెడ్డులో అట్టల మీద పడి నిద్రపోతుంటే వాడు గోడకు ఆనుకుని వేళ్ళ మధ్య బంతి దొర్లిస్తుంటాడు.

"ఈ చేతులతో అవుతుందా?" అని నేనే అనేవాణ్ణి. తర్వాత కార్డినీ కథ తెలిసింది. అసలు పేరు రిచర్డ్ పిచ్‌ఫర్డ్. వేల్స్ దేశపు మనిషి. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికుడిగా కందకాల్లో ఉన్నాడు. చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే చేతి తొడుగులు తియ్యకుండానే పేక ముక్కలతో సాధన చేశాడు. యుద్ధం అయ్యాక అమెరికా చేరి, తెల్ల తొడుగులు వేసుకునే పేకముక్కలు, సిగరెట్లు, బిలియర్డు బంతులు చేతుల్లో పుట్టించి అక్కడి స్టేజీలను ఏలాడు. తప్పనిసరై వేసుకున్న తొడుగు చివరికి ఆయన గుర్తుగా మారింది. మనకు చలి లేదు, ఎండ ఉంది. తొడుగులు మాత్రం మనకూ ఉన్నాయి.

మన ఊళ్ళలో ఈ విద్య లేదా అంటే, ఉంది. సంతలో గారడీవాడు నేల మీద గొంతుక్కూర్చుని, పైన పిడి ఉన్న మూడు చిన్న చెక్క గిన్నెలు, గుడ్డ ఉండలు పెట్టుకుని ఆడేవాడు. ఈ గిన్నె కింద ఉండ ఆ గిన్నె కిందికి పోయేది. చిన్నప్పుడు నేనూ చూశాను. స్టేజీ మీద ఆడేవాడికి జనం ముందు వైపే ఉంటారు. మన గారడీవాడి చుట్టూ నాలుగు వైపులా జనమే. వీపు వెనకాల కూడా పిల్లలే! బల్ల లేదు, కోటు లేదు, లైట్లు లేవు. అలాంటి చోట దాచడం ఎంత కష్టమో బంతులు పట్టుకున్నాకే మా వాడికి తెలిసింది. ఈజిప్టులో కూడా ఇలాంటివాళ్ళు ఉండేవారు. పోర్ట్ సయ్యద్‌లో ఓడలు ఆగితే ఎక్కి, 'గలీ గలీ' అంటూ గిన్నెల కింద నుంచి కోడిపిల్లలను తీసేవారు. మన తెలుగు నేల మీద విప్రవినోదులని ఇదే వృత్తిగా బతికిన కుటుంబాలు ఉన్నాయి. ఇలాంటి ఇళ్ళలో పిల్లవాడు తండ్రి పక్కన కూర్చుని చూసే నేర్చుకుంటాడు. మొదటి పాఠం, రెండో పాఠం అని ఉండదు. మన కాలంలో మేజిక్‌కు మర్యాద తెచ్చిన బి.వి.పట్టాభిరామ్ గారు 2025లో వెళ్ళిపోయారు. మెజీషియన్ అంటే చదువుకున్న మనిషి కూడా అని తెలుగు వాళ్ళకు చూపించారాయన.

పరదేశంలో బంతులతో బతికిన మనవాడు ఒకడున్నాడు. రెండు వందల ఏళ్ళ కిందటి మాట. 1810లలో మద్రాసు వైపు నుంచి లండన్ వెళ్ళిన గారడీ బృందంలో రామస్వామి. ఆ దొరల నోట 'రామో సామీ' అయిపోయాడు. కత్తి మింగేవాడు, బంతులు ఎగరేసేవాడు. మనం చెప్పుకునే దాచే విద్య వేరు, అది ఎగరేసే విద్య, అయినా చేతి సాధన ఒకటే. విలియం హాజ్లిట్ అనే ఆంగ్ల రచయిత ఇండియా గారడీవాడు నాలుగు ఇత్తడి బంతులు గాల్లో ఆడించడం చూసి 1821లో అచ్చయిన పుస్తకంలో పెద్ద వ్యాసమే రాశాడు. ఇంత నిక్కచ్చిగా నేను చేయగల పని ఏదైనా ఉందా అని తనను తానే అడుగుకుని సిగ్గుపడ్డాడు. అంత పొగడ్త దక్కిన విద్య అది. రామస్వామి 1850లో లండన్‌లోనే పోయాడు. అంత్యక్రియలకు డబ్బు లేక భార్య పత్రికలో సాయం అడగవలసి వచ్చింది. గల్ఫ్‌లో ఉన్నవాడికి ఈ ముక్క విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలి. పోయిన ఏడాది మనవాళ్ళ పండుగ కార్యక్రమం ఒకటి జరిగింది. మస్కట్‌లోనే. ఎక్కడ, ఎవరిది అన్నది వదిలేయండి. బతిమాలితే మా వాడికి ఐదు నిమిషాలు ఇచ్చారు. అంతకు రెండు రోజుల ముందు నేను ఒక వీడియో చూశాను. నాలుగు బంతుల గుట్టు అందులో ఉంది. నాకు తెలిసిపోయిందన్న గొప్ప కోసం గదిలో అందరికీ చెప్పేశాను. వాళ్ళు పక్క గదికి చెప్పారు. స్టేజీ మీద వాడు మూడో బంతి తీసేసరికి వెనక వరుసలోంచి ఎవడో గట్టిగా అరిచి గుట్టు చెప్పేశాడు. హాలంతా నవ్వు. పిల్లలు కూడా. వాడు నాలుగో బంతి తీయలేదు. దండం పెట్టి దిగిపోయాడు. అరిచినవాడు నేను కాదు. కానీ వాడి నోట్లో మాట నాదే. ఆ తర్వాత మూడు నెలలు రాత్రిళ్ళు మా గదిలో చప్పుడు లేదు. అంత నిశ్శబ్దంగా ఉంటే నిద్ర పట్టదని నాకు అప్పుడు తెలిసింది.

ఎందుకు అరుస్తాం మనం? చూసినవాడి కష్టం మనకు కనబడదు కాబట్టి. 'ఓస్ ఇంతేనా' అనడం మనకు అలవాటు. ఈ అలవాటు స్టేజీ దగ్గర ఆగదు. సైటులో చూడండి. మేస్త్రీ పక్కన నాలుగేళ్ళు నిలబడి, ఇటుక పట్టే తీరు, తాపీ తిప్పే తీరు చూసి చూసి పని పట్టుకున్న హెల్పర్లు ఎంతమంది లేరు? కడ్డీ వంచడం, వైరు కట్టడం మా తమ్ముడికి ఎవరు నేర్పారు? చూసి నేర్చుకున్నాడు. ఇవాళ ఫిక్సర్ పని చేస్తాడు, జీతం మాత్రం హెల్పర్ జీతం. అడిగితే, "నీ వీసాలో ఏముంది? నీ దగ్గర సర్టిఫికెట్ ఏది?" అంటారు. చూసి నేర్చుకున్నది నేర్చుకున్నట్టు కాదన్నమాట! కంపెనీవాళ్ళు ఆ మాట అంటే మనకు మండుతుంది. అదే మాట మనం మన పిల్లాడి బంతుల మీద అన్నాం. ఆ మాటకొస్తే కంపెనీ ఒక్కసారి పని పెట్టి చూస్తే చాలు, పది నిమిషాల్లో తేలిపోతుంది ఎవరి చెయ్యి ఏమిటో. అలా చేతి పరీక్ష పెట్టి గ్రేడు పెంచే కంపెనీలు లేకపోలేదు. మిగతావాళ్ళను కూడా అడగాలి.

చూసి నేర్చుకోవడానికీ, చూసి దొంగిలించడానికీ తేడా ఉందని కూడా చెప్పాలి, లేకపోతే నా మాట ఒకవైపే అవుతుంది. బంతి పట్టే తీరు, దొర్లించే తీరు అందరివీ. కానీ ఒకడు పదేళ్ళు కష్టపడి అల్లుకున్న ఆటను, అదే పాట, అదే నడక, అదే వరసతో దింపేస్తే అది నేర్చుకోవడం కాదు. స్పెయిన్‌కు చెందిన మిగెల్ మునోజ్ 2018లో కొరియాలోని బుసాన్‌లో జరిగిన ప్రపంచ మేజిక్ పోటీల్లో స్టేజీ విభాగంలో గ్రాండ్ ప్రి గెలిచాడు. గాజులా మెరిసే బంతులు, నీళ్ళు, ఆ రెండింటినీ కలిపి అల్లిన ఆట అది. చూసిన తర్వాత మా వాడు రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "అన్నా, ఆయనకు నీళ్ళు గుర్తొచ్చినాయి. నాకు ఇనుప కడ్డీలు గుర్తొస్తాయి" అన్నాడు. ఇప్పుడు వాడి ఆటలో కోటు లేదు. సైటు యూనిఫాం, హెల్మెట్, తొడుగులు. కడ్డీ కట్టే కొక్కెం తిప్పుతుంటే దాని చివర బంతి పుడుతుంది. ఎవరిదీ కాదు, వాడిదే.

మన సంఘాల పెద్దలకు రెండు మూడు మాటలు. ఊరి నుంచి కళాకారులను పిలిపిస్తారు, టికెట్లు, హోటళ్ళు ఇస్తారు, సంతోషం. అదే హాల్లో వెనక కుర్చీల్లో కూర్చున్న క్యాంపు కుర్రాళ్ళకు పది నిమిషాలు ఇవ్వండి. వాళ్ళు ఆడేటప్పుడు స్టేజీ పక్కన మెట్ల మీద పిల్లలను కూర్చోబెట్టకండి, పక్క నుంచి చూస్తే ఎంతటి మెజీషియన్ చెయ్యి అయినా దొరికిపోతుంది. వచ్చిన మెజీషియన్‌ను ఆట అయ్యాక ఒక గంట ఆగమని అడగండి. పదిమంది కుర్రాళ్ళు వచ్చి తమ చేతులు చూపిస్తారు. కాదనేవాడు అరుదు. గుట్టు తెలిసినవాళ్ళు, నాలాంటివాళ్ళు, నోరు కట్టుకుని కూర్చుంటే చాలు, అదే పెద్ద సాయం.

వాడు మళ్ళీ బంతులు ఎప్పుడు పట్టాడంటే, నేను పట్టాక. ఒక శుక్రవారం వాడి నిమ్మకాయ తీసుకుని నేనే దాచబోయాను. గుట్టు నాకు తెలుసు కదా! పదకొండు సార్లు కింద పడింది. పన్నెండోసారి వాడు లేచి వచ్చి, నా బొటనవేలు పట్టుకుని అర అంగుళం వెనక్కి జరిపాడు. భుజం కిందికి నొక్కాడు.

వచ్చే ఉగాది కార్యక్రమానికి ఐదు నిమిషాలు ఇమ్మని మళ్ళీ అడిగాం. ఇంకా జవాబు రాలేదు. రాత్రిళ్ళు మాత్రం మా గదిలో ఇప్పుడు రెండు నిమ్మకాయలు దొర్లుతున్నాయి.